గాలి నెలల్లో బోడినేల: సముద్రం లేని చోటి ఇసుక దిబ్బలు

సభాధ్యక్షులకు, వేదికపై ఉన్న పెద్దలకు, అధ్యాపక మిత్రులకు, భూగోళశాస్త్ర విద్యార్థులకు నమస్కారం.

ఇసుక దిబ్బ అనగానే మనలో చాలామందికి సముద్రపు ఒడ్డు, దాని వెంట సరుగుడు తోటలు గుర్తొస్తాయి. ఈరోజు నేను తీసుకున్న విషయం వేరు. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో, పొలాల మధ్య, ఊళ్లను ఆనుకుని, ఎండిన నదుల వెంట గాలి పేర్చిన దిబ్బల గురించి మాట్లాడతాను. అందులోనూ ఒక చిన్న ప్రశ్నకే కట్టుబడతాను: ఒక దిబ్బ వేల ఏళ్లపాటు కదలకుండా గడ్డి కప్పుకుని పడి ఉంటుంది, పక్కనే ఉన్న ఇంకో దిబ్బ ఒక్క తరంలో లేచి పొలం మీదికి నడిచి వస్తుంది, ఈ తేడా ఎక్కడ పుడుతుంది? వానల లోటు అన్నది అందరికీ తోచే సమాధానం. అది సగం సమాధానమే. గాలి బలంగా వీచే రెండు మూడు నెలల్లో నేల ఎలా ఉంది, ఆ నెలల్లో మనుషులు దాన్ని ఏం చేస్తున్నారు అన్నది మిగతా సగం. ఈ రెండో సగానికి మనం ఇవ్వవలసినంత విలువ ఇవ్వలేదని నా అభిప్రాయం. దీన్ని రెండు ప్రాంతాలను పట్టుకుని చెబుతాను. ఒకటి రాజస్థాన్‌లోని థార్. రెండోది మన అనంతపురం జిల్లాలో రాయదుర్గం వైపు, వేదవతి నది ఒడ్డు. ఆ నదిని అక్కడివాళ్లు హగరి అంటారు.

ముందు ఇసుక కదిలే పద్ధతి క్లుప్తంగా చూద్దాం. బ్రిటిష్ సైన్యంలో ఇంజనీరుగా పనిచేసిన రాల్ఫ్ బాగ్నోల్డ్ 1920లు, 30లలో ఈజిప్టు, లిబియా ఎడారుల్లో మోటారు కార్లలో తిరిగి, తర్వాత ఇంగ్లండులో గాలి సొరంగం కట్టుకుని ప్రయోగాలు చేసి, ఆ ఫలితాలను 1941లో ప్రచురించారు. ఈ రంగానికి పునాది ఇప్పటికీ అదే. దిబ్బల ఇసుక రేణువులు సాధారణంగా మిల్లీమీటరులో పదో వంతుకూ సగానికీ మధ్య ఉంటాయి. అవి దుమ్ములా ఆకాశానికి ఎగరవు; నేలను తాకుతూ, ఎగిరి పడుతూ, పడిన చోట ఇంకొన్ని రేణువులను లేపుతూ గెంతుకుంటూ పోతాయి. ఈ రాకపోకలు దాదాపు అన్నీ మనిషి నడుము ఎత్తులోపే, ఎక్కువ భాగం మోకాలి ఎత్తులోపే జరుగుతాయి. పొడి ఇసుకను లేపడానికి గాలికి ఒక కనీస వేగం కావాలి. గంటకు సుమారు 20 కిలోమీటర్ల దరిదాపుల్లో అది మొదలవుతుంది. ఆ గడప దాటిన తర్వాత లెక్క మారిపోతుంది: గాలి మోసుకుపోయే ఇసుక పరిమాణం గాలి వేగపు ఘనానికి, అంటే మూడో ఘాతానికి, తగ్గట్టు పెరుగుతుంది కాబట్టి, గాలి వేగం రెట్టింపైతే అది మోసే ఇసుక దాదాపు 8 రెట్లు అవుతుంది. అంటే ఏడాది మొత్తం మీద సగటు గాలి ఎంత అన్న అంకెతో దిబ్బల విషయంలో మనకు పెద్దగా పనిలేదు. ఏడాది పొడవునా కదిలే ఇసుకలో అధిక భాగం కొన్ని వారాల పెనుగాలుల్లోనే కదిలిపోతుంది.

ఇక రెండో సంగతి కప్పు. నేల మీద 15 నుంచి 20 శాతం మేర గడ్డి దుబ్బులో, పొదలో, కనీసం కోసిన చేను మోళ్లో ఉన్నా ఇసుక కదలిక బాగా పడిపోతుందని అనేక ఎడారుల్లో చేసిన కొలతలు చెబుతున్నాయి. నేలంతా పచ్చగా ఉండనక్కర లేదన్న మాట. వంద గజాల్లో పదిహేను ఇరవై గజాలు కప్పి ఉంటే చాలు, మిగతా చోట గాలి నేలను తాకేటప్పటికే దాని బలం తగ్గిపోతుంది. దీనికి మరో వైపు కూడా ఉంది. ఆ కప్పు 15 శాతం నుంచి 5 శాతానికి పడిపోయినప్పుడు చూసేవారి కంటికి పెద్ద తేడా కనబడదు. గాలికి మాత్రం అది తలుపు తెరవడమే.

వెనక వరుసలవారికి పటం స్పష్టంగా కనిపించకపోతే నోటితోనే చెబుతాను. థార్ ఎడారి ఆరావళి కొండలకు పడమట మొదలై పాకిస్తాన్‌లోని సింధు మైదానం దాకా పరుచుకుని ఉంది. పడమట జైసల్మేర్ వైపు ఏటా 200 మిల్లీమీటర్ల లోపు వాన. తూర్పు అంచుకు వచ్చేసరికి 400 మిల్లీమీటర్లు దాటుతుంది. ప్రపంచంలో ఇంత జనసాంద్రత ఉన్న ఎడారులు చాలా అరుదు. ఇక్కడి దిబ్బలు నిన్న మొన్నటివి కావు. అహ్మదాబాదులోని ఫిజికల్ రిసెర్చ్ లాబొరేటరీ శాస్త్రవేత్తలు, ఇసుక రేణువు చివరిసారి ఎప్పుడు సూర్యకాంతిని చూసిందో లెక్కగట్టే పద్ధతిలో వీటి వయసు తేల్చారు. పెద్ద దిబ్బల్లో చాలా భాగం 10 వేల ఏళ్లకు పైబడినవి. ఇంకా ఆసక్తికరమైనది, మంచుయుగం మహోధృతంగా ఉండి నేల మరీ పొడిగా ఉన్న దశలో ఇవి ఎక్కువగా పెరగలేదు. ఆ తర్వాత నైరుతి గాలులు మళ్లీ పుంజుకుంటున్న దశలో పెరిగాయి. పొడితనం ఒక్కటే దిబ్బను కట్టదు, గాలి కావాలి అనడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం నాకు తెలియదు. ఆ తర్వాత వానలు కుదురుకుని దిబ్బల మీద గడ్డి, పొదలు పట్టాయి. అంటే థార్‌లో మనిషి పని మొదలయ్యేనాటికి దిబ్బలు చాలా వరకు నిద్రలోకి జారుకున్నాయి.

ఇలా పాతబడిన దిబ్బను అక్కడి రైతు శత్రువుగా చూడడు. పడిన వాన ఇసుకలోకి వెంటనే ఇంకిపోతుంది. పైన జానెడు మందం ఎండిపోయాక ఆ ఎండు పొరే కింది చెమ్మను కాపాడుతుంది. అందుకే బంకనేలలు బీటలు వారిన ఏడాది కూడా దిబ్బ వాలు మీద సజ్జ, గోరుచిక్కుడు, కర్బూజ జాతి కాయలు పండుతాయి. వెనకటి సేద్యంలో మూడు అలవాట్లు ఈ దిబ్బలను నిలిపాయి. ఒంటెకు కట్టిన చిన్న నాగలి లోతుగా దిగదు, పొద అడ్డొస్తే చుట్టూ తిరిగి పోతుంది. దాంతో ఫోగ్ అనే పొద, జమ్మి చెట్టు చేలోనే బతికి ఉండేవి. ఒకటి రెండేళ్లు పండించిన నేలను కొన్నేళ్లు బీడు పెట్టేవారు. తొలి వాన పడి ఇసుక తడిసిన తర్వాతే దుక్కి మొదలుపెట్టేవారు. వీటిలో మూడోది మన ప్రశ్నకు అన్నిటికంటే ముఖ్యం. థార్‌లో నైరుతి గాలి మే నుంచి జూలై మధ్య, అంటే వానకు ముందూ వాన వచ్చే వేళా అత్యంత బలంగా ఉంటుంది. తడిసిన తర్వాత దున్నిన నేలను గాలి లేపలేదు. వాన కోసం ఎదురుచూస్తూ ముందే దున్ని పెట్టిన నేలను లేపుతుంది.

జమ్మి గురించి ఒక మాట. దసరాకు మనం పూజించే ఈ చెట్టే రాజస్థాన్‌కూ, తెలంగాణకూ రాష్ట్ర వృక్షం. అక్కడ దీన్ని ఖేజ్డీ అంటారు. 1730లో జోధ్‌పూర్ దగ్గర ఖేజడ్లీ గ్రామంలో రాజు మనుషులు ఈ చెట్లను నరకడానికి వచ్చినప్పుడు అమృతాదేవితో మొదలుపెట్టి 363 మంది బిష్ణోయీలు చెట్లను కౌగిలించుకుని ప్రాణాలు ఇచ్చారు. దాన్ని భక్తి కథగా చెప్పుకోవడం మనకు అలవాటు. నేను మాత్రం అందులో వ్యవసాయ జ్ఞానాన్ని కూడా చూస్తాను: వేరు లోతుగా దిగి, కింద పంటను చంపకుండా, ఎండాకాలంలో ఆకు మేతనిచ్చే చెట్టు చేలో నిలబడితే ఇసుక కూడా నిలబడుతుంది.

ఈ ఏర్పాటు 20వ శతాబ్దం మధ్యలో కదిలిపోయింది. దానికి ఒక్క కారణం చెప్పడం కుదరదు. 1952లో రాజస్థాన్ జాగీర్ల రద్దు చట్టం వచ్చింది. భూమి దున్నేవాడికి దక్కడం న్యాయమే, దాన్ని నేను ఏమాత్రం తప్పుపట్టడం లేదు. అయితే అంతవరకు ఊరుమ్మడి మేతగా, ఓరణ్ అనే దేవుడి వనాలుగా, సాగుకు పనికిరాదని వదిలేసిన దిబ్బ వాలులుగా ఉన్న నేలలో చాలా భాగం ఆ తర్వాత పట్టాలై నాగలి కిందికి వచ్చింది. హైదరాబాదు పక్కన పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో పనిచేసిన ఆర్థికవేత్త ఎన్.ఎస్. జోధా ఈ ఉమ్మడి భూముల కుదింపును రాజస్థాన్‌తో పాటు అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని మెట్ట గ్రామాల్లో కూడా పరిశీలించారు. మేతకు నేల తగ్గింది, పశువులు తగ్గలేదు. మిగిలిన కాస్త మేతనేల మీద భారం పెరిగింది. ఫోగ్ పొదను వేరుతో సహా తవ్వి బొగ్గు చేసి పట్టణాలకు అమ్మడం ఒక జీవనోపాధి అయింది. ఆ పైన ట్రాక్టరు వచ్చింది.

ట్రాక్టరు మీద కాసేపు ఆగుతాను. పళ్లెపు నాగళ్లు కట్టిన ట్రాక్టరు పొద చుట్టూ తిరగదు, పొదను కోసేసి పోతుంది. ఒంటె ఎక్కలేని వాలును ఎక్కుతుంది. అన్నిటికీ మించి అది సాధారణంగా అద్దెకు వస్తుంది. ఊళ్లో ఉన్న ఒకటి రెండు ట్రాక్టర్లు వాన పడిన నాలుగు రోజుల్లో అందరి పొలాలూ దున్నలేవు కనుక, దొరికిన రోజే దున్నించుకోవాలి. ఆ దొరికే రోజు మే నెలలోనో, జూన్ మొదట్లోనో పడుతుంది. రైతు అజ్ఞానం వల్ల ఇది జరగలేదు, అద్దె లెక్క వల్ల జరిగింది. కాని గాలికి కారణంతో పనిలేదు. సరిగ్గా గాలి ముదిరే వేళకు, పొద లేకుండా, గుల్లగా, పొడిగా ఉన్న ఇసుక దానికి అప్పగించబడింది. వాలు మీద దుక్కి చాళ్లలోంచి ఇసుక లేచి శిఖరానికి చేరుతుంది, అక్కడ కొత్త దిబ్బ మొన తేలుతుంది, పదేళ్లలో పాత దిబ్బ నెత్తిన మరో దిబ్బ నిలబడి కదలడం మొదలుపెడుతుంది.

1950ల మొదట్లో థార్ ఎడారి ఏటా అర మైలు చొప్పున ఢిల్లీ వైపు నడిచి వస్తోందన్న భయం దేశంలో బాగా వ్యాపించింది. దాని మీద సదస్సులు జరిగాయి, ప్రణాళికా పత్రాల్లోకి కూడా ఆ మాట ఎక్కింది. తర్వాతి దశాబ్దాల పరిశీలనలు ఆ నడకను నిర్ధారించలేదు. తూర్పు అంచున లేచిన ఇసుక జైసల్మేర్ నుంచి వచ్చింది కాదు. అక్కడికక్కడ, ఆ ఊరి పాత దిబ్బ నుంచే లేచింది. ఈ తేడా పైకి చిన్నదిగా కనిపిస్తుంది కాని, చేయవలసిన పనిని పూర్తిగా మార్చేస్తుంది. ఎడారి నడిచి వస్తోందంటే సరిహద్దులో అడ్డుగోడలా చెట్లు నాటాలి. ఊరి దిబ్బే లేస్తోందంటే ఊళ్లో దుక్కి, మేత, వంటచెరకు సంగతి చూడాలి. మన ప్రభుత్వాలకు మొదటి పని మీదే మోజు ఎక్కువ, ఎందుకంటే నాటిన మొక్కలను లెక్కపెట్టి చూపించవచ్చు.

నాటిన పని వృథా అని నేను అనడం లేదు. 1952లో జోధ్‌పూర్‌లో మొదలైన ఎడారి వన పెంపక కేంద్రం 1959లో కేంద్రీయ మెట్ట పరిశోధన సంస్థ అయింది. కాజ్రీ అని మనం పిలిచేది దాన్నే. అక్కడ తేలిన పద్ధతి సులువైనది. ముందు పశువులు రాకుండా కంచె వేయాలి. గాలి వచ్చే దిక్కుకు అడ్డంగా, దిబ్బ శిఖరం నుంచి కింది దాకా, ఎండు కంపను వరుసలుగానో గళ్లుగానో పాతాలి. ఆ గాలి మరుగున వానల్లో మొక్కలు నాటి, సేవణ్ వంటి స్థానిక గడ్డి విత్తనం చల్లాలి. చైనాలో షాపోతౌ దగ్గర బావోతౌ–లాంజౌ రైలు మార్గాన్ని 1958 నుంచి కాపాడుతున్నది కూడా ఇలాంటి గళ్లే, అక్కడ గోధుమ గడ్డిని మీటరుకు మీటరు చదరాలుగా ఇసుకలో గుచ్చుతారు. కంచె వేసి వదిలేసిన దిబ్బ చాలా చోట్ల నాటకుండానే కోలుకుందని కూడా కాజ్రీ అనుభవమే చూపింది. ఈ విషయం మొక్కల లెక్కల్లో ఎక్కడా కనబడదు.

నాటిన వాటిలో సర్కారు తుమ్మ కూడా ఉంది. ఇది మనకు కొత్త కాదు. 1870ల చివర జమైకా విత్తనంతో కడప జిల్లా కమలాపురంలో నాటినప్పటి నుంచి ఈ మెక్సికో వైపు చెట్టు మనతోనే ఉంది. ఇసుకను ఆపుతుంది, పొయ్యిలోకి కట్టె ఇస్తుంది. దాంతో పాటు స్థానిక గడ్డిని, పొదను ఎదగనివ్వదు, మేతనేలను ముళ్లడవి చేస్తుంది. దిబ్బ ఆగింది కాని గొర్రెల కాపరికి ఆ దిబ్బ ఇక లేనట్టే. పంజాబులోని హరికే ఆనకట్ట నుంచి నీళ్లు తెచ్చే ఇందిరా గాంధీ కాలువ ఇంకో రకం మార్పు. 1958లో మొదలైన ఆ కాలువ కింద దిబ్బలను చదును చేసి గోధుమ, పత్తి పండించారు, గాలి కోత తగ్గింది. కింద గట్టి పొర ఉన్న చోట్ల నీరు నిలిచి ఉప్పు తేలింది. అది వేరే ఉపన్యాసానికి సరిపడే విషయం కాబట్టి ఇక్కడ వదిలేస్తాను.

మేత గురించి చెప్పకుండా థార్‌ను దాటలేను. పశువులు తినే గడ్డి కంటే వాటి గిట్టలు చేసే పని పెద్దదని చూపిన చోటు ఇజ్రాయెల్, ఈజిప్టు సరిహద్దు. సైనై, నెగెవ్ ఎడారుల మధ్య ఒకే దిబ్బల శ్రేణి, ఒకే గాలి, ఏటా 100 మిల్లీమీటర్ల దరిదాపు ఒకే వాన. అయినా 1970ల నుంచి ఉపగ్రహ చిత్రాల్లో సరిహద్దు గీత గీసినట్టు కనబడుతుంది: మేత ఆగిన నెగెవ్ వైపు ముదురు రంగు, మేత, కట్టెల సేకరణ సాగుతున్న సైనై వైపు తెల్లటి ఇసుక. తేడాకు కారణం పొదలు కొంత, నేలపై పొర మరికొంత. సూక్ష్మమైన నీలిఆకుపచ్చ బ్యాక్టీరియా, నాచు కలిసి ఇసుక రేణువులను అల్లి, పాల మీద మీగడలాంటి పలుచని పొర కడతాయి. కొన్ని మిల్లీమీటర్ల ఆ పొర పెనుగాలిని ఆపగలదు, మేక గిట్టను ఆపలేదు.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. అనంతపురం జిల్లా సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. జైసల్మేర్‌తో పోలిస్తే రెండున్నర రెట్ల పైమాటే. ఆ లెక్కన ఇక్కడ ఎడారి దిబ్బలు ఉండనే కూడదు. అయినా బొమ్మనహాళ్ మండలంలో దర్గా హొన్నూరు, గోవిందవాడ పరిసరాల్లో, కణేకల్ మండలంలో హగరి ఒడ్డు పొడవునా ఇసుక దిబ్బలు ఉన్నాయి, పొలాల మీద మేటలు వేస్తున్నాయి. వానల లోటు అన్న సమాధానం ఇక్కడ సరిపోదు.

మూడు సంగతులు ఇక్కడ ఒకచోట కలిశాయి. మొదటిది ఇసుక నిల్వ. హగరి కర్ణాటకలో బాబాబుడాన్ కొండల్లో పుట్టి, చిత్రదుర్గం మీదుగా మన గుమ్మగట్టలోకి వచ్చి, రాయదుర్గం ప్రాంతాన్ని దాటి బళ్లారి జిల్లాలో తుంగభద్రలో కలుస్తుంది. వెడల్పు ఎక్కువ, లోతు తక్కువ, అడుగంతా ఇసుక. ఎగువన హిరియూరు దగ్గర వాణీవిలాస సాగరం 1907లో పూర్తయింది. స్వాతంత్ర్యం తర్వాత మన వైపు భైరవానితిప్ప ప్రాజెక్టు వచ్చింది. వాణీవిలాస సాగరం 1933లో పొర్లిన తర్వాత మళ్లీ 2022లోనే పొర్లిందంటే కింది నదికి పై నుంచి వరద ఎంత అరుదుగా అందిందో ఊహించవచ్చు. దారి పొడవునా చెరువులు, చెక్‌డ్యాములు, బోర్లు ఆ కొరతను పెంచాయి. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం: ఆనకట్ట నీటితో పాటు కొత్త ఇసుకను కూడా ఆపుతుంది కనుక, ఆనకట్టలే దిబ్బలను కట్టాయి అనేయడం సరికాదు, ఇసుక నది కొత్తగా ఇసుక నది కాలేదు. అయితే తడిగా ఉండవలసిన నెలల్లో నది పడక పొడిగా పడి ఉండడం, దాని మీద రెల్లు, తుంగ పట్టు తప్పడం మాత్రం మన చేతి పనే.

రెండోది గాలి. పడమటి కనుమల వెనక ఉన్న ఈ నేలకు నైరుతి ఋతుపవనం వాన కంటే గాలినే ఎక్కువ ఇస్తుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా మబ్బులు పరుగెడుతూనే ఉంటాయి, పెద్ద వానలు సెప్టెంబరుకు గాని రావు. రామగిరి నుంచి ఉరవకొండ దాకా గాలిమరలు బారులు తీరి నిలబడింది ఈ గాలిని నమ్ముకునే. ఆషాఢ శ్రావణాల్లో ఆ మరలను తిప్పే గాలే నది పడకలోని ఇసుకను ఈశాన్యపు గట్టు మీదికి, అక్కడి నుంచి పొలాల్లోకి నెడుతుంది.

మూడోది ఆ నెలల్లో పొలం స్థితి. ఇక్కడ శెనక్కాయ గురించి మాట్లాడక తప్పదు. కొర్ర, సజ్జ, ఉలవ, కంది, ఆముదం కలగలుపుగా పండిన మెట్టలో 20వ శతాబ్దం చివరి భాగంలో లక్షల హెక్టార్ల మేర వేరుశనగ ఒక్కటే పంట అయిపోయింది. ధర వచ్చింది, నూనె మిల్లులు వచ్చాయి, రైతు వేశాడు. దిబ్బల కోణంలో చూస్తే ఈ పంటకు రెండు లక్షణాలున్నాయి. కోతలో చెట్టును వేరుతో సహా పెరికేస్తారు, కాయ తీసిన ఎండు చెట్టును, అంటే కట్టెను, పశువుల మేతకు తీసుకుపోతారు కనుక చేలో మోడు మిగలదు. కొర్రకో సజ్జకో మిగిలే జానెడు మోడు కూడా ఉండదు. ఆ పైన పెరికిన నేల గుల్లబారుతుంది. ఆ బోడినేల చలికాలం, ఎండాకాలం దాటి అలాగే ఉండి, ముంగారు చినుకు కోసం గుంటక తోలి మెత్తగా సిద్ధమై, సరిగ్గా జూన్ జూలైలలో గాలి ముందు నిలబడుతుంది. మొలక వచ్చాక కూడా నెల రోజుల పాటు అది నేలను కప్పలేదు. నది పక్క పొలాల్లో ఎగిరే ఇసుక లేత ఆకులను చీల్చేస్తుంది. రెండోసారి విత్తే స్తోమత ఉన్నవారు విత్తుతారు, లేనివారు బీడు పెడతారు. ఇసుక మేట పడి బీడుపడిన పొలం తర్వాతి పొలానికి ఇసుక సరఫరా చేసే నిల్వగా మారుతుంది. దిబ్బ పొలం నుంచి పొలానికి పాకే తీరు ఇదే.

కావేరి ఒడ్డున మైసూరు జిల్లాలోని తలకాడులో గుళ్లు ఇసుకలో మునిగిపోవడం ఇదే కోవలోనిది. తలకాడు ఇసుకపాలు కావాలన్న అలమేలమ్మ శాపం కథ చాలామందికి తెలుసు. విజయనగర కాలంలో ఎగువన కట్టిన మాధవమంత్రి ఆనకట్ట వల్ల నది పడక బయటపడి, ఆ ఇసుకను నైరుతి గాలి ఊరి మీదికి తోసిందన్న శాస్త్రీయ వాదన ఒకటి ఉంది. నాకు అది నమ్మదగినదిగానే తోస్తుంది.

యూరపు ఉదాహరణ ఒక్కటి చెప్పి ముగింపుకు వస్తాను, ఎందుకంటే అది మన ఆలోచనను కొంచెం తలకిందులు చేస్తుంది. నెదర్లాండ్స్ నడిబొడ్డున కూట్‌వైక్ అనే ఊరి దగ్గర వందల హెక్టార్ల ఎగిరే ఇసుక నేల ఉంది. ఏడాది పొడవునా వాన పడే దేశమది. మధ్యయుగాల్లో రైతులు గొర్రెలను విపరీతంగా మేపి, గడ్డినేలను పొరలు పొరలుగా చెక్కి పశువుల కొట్టాల్లో పరిచి ఎరువు చేసుకోవడంతో, కింద ఉన్న మంచుయుగపు ఇసుక బయటపడి ఊళ్లను కప్పింది. 1899లో ప్రభుత్వ అటవీ సంస్థ పెట్టి పైన్ చెట్లు నాటి ఆ ఇసుకను చాలా వరకు అణిచేశారు. ఇప్పుడు మిగిలిన కాస్తనూ అదే సంస్థ చెట్లు నరికి, నాచు పెరికి మళ్లీ కదిలేలా చేస్తోంది, ఎందుకంటే బోడి ఇసుకలో మాత్రమే బతికే పురుగులు, పక్షులు, మొక్కలు కనుమరుగవుతున్నాయి. వాన ఎంత పడినా మనిషి తలచుకుంటే దిబ్బ లేస్తుంది, తలచుకుంటే పడుకుంటుంది. కదిలే ఇసుక అంతా నయం చేయవలసిన జబ్బు కాదని కూడా ఆ దేశం మనకు చెబుతోంది. హగరి ఒడ్డున దర్గా హొన్నూరు దిబ్బల్లో కొంత భాగాన్ని ఉన్నదున్నట్టు వదిలేసి చదువుకోవలసిన నేలగా చూడాలని నేను అడిగేది అందుకే. అయితే పొలం పోగొట్టుకున్న రైతుకు ముందుగా పరిహారం అందాకే ఆ మాట ఎత్తాలి.

ఇక హగరి ఒడ్డున చేయదగిన పనులు. ఇవి పెద్ద పథకాలు కావు. నది గట్టు నుంచి మొదటి కిలోమీటరు లోపు పొలాల్లో వేరుశనగ వరుసల మధ్య కందిని ఎక్కువ సాళ్లుగా వేసి, కాయ కోసుకున్నాక కంది మోళ్లను తర్వాతి ముంగారు దాకా పెరకకుండా నిలపాలి. ఆ సాళ్లు వాయవ్యం నుంచి ఆగ్నేయానికి, అంటే గాలికి అడ్డంగా ఉండాలి. ఈ దిక్కు సంగతి చిన్నదిగా తోస్తుంది గాని, గాలి వెంట వేసిన సాళ్లు ఇసుకకు దారి చూపుతాయి. మోడు నిలిపినందుకు ఆ రైతు కోల్పోయే వంటచెరకు, మేత విలువను ఉపాధి హామీ పని కింద గాని మరో విధంగా గాని చెల్లించాలి, లేకపోతే ఎవరూ నిలపరు, నిలపాలని అడిగే హక్కు మనకూ ఉండదు. మేటల మీద సర్కారు తుమ్మ కాకుండా రెల్లు, కానుగ, జమ్మి, ఈత నాటి, మొదటి మూడేళ్లు గొర్రెలు రాకుండా ఊరివాళ్లే కాపలా పెట్టుకోవాలి. గొర్రెల కాపరులను ఆ నిర్ణయంలో ముందుగానే కూర్చోబెట్టకపోతే కంచె నెల కూడా నిలవదు.

ఇసుక తవ్వకం గురించి ఇంతకుముందు ఒక విద్యార్థి చీటీ పంపారు: పట్టా పొలాల్లో మేటలను లారీల్లో ఎత్తుకుపోతే రైతుకూ మేలు, ఇల్లు కట్టుకునేవారికీ మేలు కదా అని. పొలం మీద పడిన మేట వరకు ఆ మాట సరైనదే, దాన్ని తీయనివ్వాలి. రెండు షరతులు కావాలి. తవ్వకం పాత నేల పొర కనబడగానే ఆగాలి. అంతకంటే దిగితే పొలం పోయి గుంత మిగులుతుంది. ఆ పని అక్టోబరు, నవంబరు నెలల్లో, హింగారు వానలతో ఇసుక తడిగా ఉండి గాలి మందగించినప్పుడు జరగాలి. మే, జూన్‌లలో లారీలు తిరిగితే దిబ్బ పైపొర చెదిరి, ఎత్తుకుపోయిన దానికంటే ఎక్కువ ఇసుక పక్క పొలానికి చేరుతుంది. అనుమతి పత్రంలో ఎన్ని టన్నులు అని రాసే చోటే ఏ నెలలో అని కూడా రాయాలి. ఇందుకు కొత్త చట్టం అక్కరలేదు, అనుమతి ఇచ్చే అధికారి ఒక గడి పెంచితే చాలు.

ఓపికగా విన్నందుకు కృతజ్ఞతలు. ప్రశ్నలుంటే అడగండి.